పాత బ్రిటిష్ గాజు వయసు తేల్చుకోవాలంటే ఎక్కడికెళ్లాలి?

ఇంగ్లండ్‌లో దానంగా వచ్చిన సామాన్లు అమ్మే ఛారిటీ షాపుల్లో పాత గాజు గిన్నెలు, కూజాలు అరల నిండా ఉంటాయి. ఏది ఎప్పటిదో చాలాసార్లు అమ్మేవాళ్లకే తెలియదు. ఆ లెక్క తేల్చుకుందామని పుస్తకాలు సంచిలో పెట్టుకుని లండన్, స్టవర్‌బ్రిడ్జ్, న్యూవార్క్ తిరిగాను. టైం తక్కువుంటే మిగతావి వదిలేసి లండన్ శివార్లలో క్యూ దగ్గరున్న నేషనల్ ఆర్కైవ్స్‌కి, అంటే ప్రభుత్వ పాత రికార్డుల భాండాగారానికి వెళ్లండి.

ఎందుకో చెప్పాలంటే నా చేతిలో ఉన్న చక్కెర గిన్నె సంగతి చెప్పాలి. అచ్చులో పోసి నొక్కి చేసిన గాజు అది. లోపల అడుగున వేలికి తగిలీ తగలనట్టు ఒక డైమండ్ ముద్ర, పైన చిన్న సున్నాలో రోమన్ మూడు. మూడంటే గాజు తరగతి. 1842 నుంచి 1883 దాకా డిజైన్ రిజిస్టర్ చేసుకున్నవాళ్లు వేసిన గుర్తు ఇది. అసలు చిక్కు అక్షరాల దగ్గరే. నా గిన్నె మీద ‘పీ’ ఉంది. అది డైమండ్ పై మూలలో ఉంటే 1851, కుడి మూలలో ఉంటే 1877. 1868లో అక్షరాల చోటు మార్చేయడంతో వచ్చిన తంటా ఇది. నాది కుడి పక్కనే ఉంది. పై మూలలో తేదీ, కింద నెల, ఎడమ పక్క పార్సిల్ నంబరు, అంటే ఆ రోజు రిజిస్ట్రేషన్లలో దాని వరుస సంఖ్య.

ఏ అక్షరం ఏ ఏడాదిదో చెప్పే పట్టిక చాలా పుస్తకాల్లో ఉంటుంది. జెన్నీ థాంప్సన్ 1842–1908 మధ్య ఇంగ్లిష్ అచ్చు గాజు మీద రాసిన పుస్తకమైతే రిజిస్ట్రేషన్లను వరుసగా ఇస్తుంది. కానీ పుస్తకంలో చూడటం వేరు, అసలు రిజిస్టర్ తెరవడం వేరు. ఆర్కైవ్స్‌లో బీటీ 43 వరుసలో డిజైన్ల బొమ్మలు, బీటీ 44లో వాటి యజమానుల పేర్లు, అడ్రసులు ఉంటాయి. తేదీ, పార్సిల్ నంబరు చేతిలో ఉంటే వెతుకులాట తేలిక. బరువైన ఆ వాల్యూమ్‌ని దిండు మీద ఆనించి పేజీలు తిప్పుతుంటే నా గిన్నె బొమ్మ కనబడింది. యజమాని గేట్స్‌హెడ్‌లోని సోవర్‌బీ కంపెనీ. గిన్నె మీద నెమలి తల ముద్ర కూడా ఉంది కాబట్టి అది ముందే ఊహించాను. ఆ కంపెనీ 1876లో తీసుకున్న ట్రేడ్‌మార్కు అది. ఒక్క జాగ్రత్త: రిజిస్టర్ తేదీ డిజైన్ పుట్టిన రోజే, గిన్నె తయారైన రోజు కాదు. అచ్చు పనికొచ్చినంత కాలం అవే గిన్నెలు పోస్తూనే ఉండేవారు.

అక్కడి సర్వీసు బాగుంది. ప్రవేశం ఉచితం. ఒరిజినల్ రికార్డులు చూడాలంటే రీడర్స్ టికెట్ కావాలి. దానికి గుర్తింపు, అడ్రసు రుజువులు తీసుకెళ్లాలి. పెన్ను లోపలికి రానివ్వరు, పెన్సిలే. ఫ్లాష్ లేకుండా ఫోన్‌తో ఫొటోలు తీసుకోవచ్చు, డబ్బులడగరు. ఆది, సోమవారాలు సెలవు. కాఫీ పర్వాలేదు, శాకాహారులకు బంగాళాదుంపే దిక్కు. చుట్టుపక్కల గదుల రేట్లు చూస్తే కళ్లు తిరుగుతాయి. దూరంగా ఎక్కడైనా దిగి డిస్ట్రిక్ట్ లైన్ ట్రైన్‌లో రావడం నయం.

విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం గాజు గ్యాలరీ కంటికి పండగే. అదీ ఉచితమే. కానీ అద్దాల వెనక ఉన్నదాన్ని తిప్పి అడుగు చూడలేం కదా! ఒక పూట చాలు.

స్టవర్‌బ్రిడ్జ్‌కి బర్మింగ్‌హామ్ మీదుగా వెళ్లాలి. (హైదరాబాద్ ఫలక్‌నుమాలో ఆస్లర్ షాండ్లియర్లు చూశారా? ఆ కంపెనీ బర్మింగ్‌హామ్‌దే.) స్టవర్‌బ్రిడ్జ్ జంక్షన్‌లో దిగి ఊళ్లోకి వెళ్లే బుల్లి రైలు ఎక్కితే మూడు నిమిషాల్లో దింపేస్తుంది. అదొక సరదా. అక్కణ్ణుంచి వర్డ్‌స్లీకి బస్సు. రెడ్ హౌస్ గ్లాస్ కోన్ 18వ శతాబ్దం చివర్లో కట్టిన ఇటుక గోపురం, దాదాపు 100 అడుగులు. మధ్యలో కొలిమి, చుట్టూ పనివాళ్లు, పైకి పొగ. చిమ్నీ, పనిశాల రెండూ అదే. లోపల నిలబడి తలెత్తి చూస్తే మెడ పట్టేస్తుంది. ఎదురుగా 2022లో తెరిచిన స్టవర్‌బ్రిడ్జ్ గ్లాస్ మ్యూజియం ఉంది. 2015లో మూతపడ్డ బ్రాడ్‌ఫీల్డ్ హౌస్ గాజు మ్యూజియం సేకరణ ఇప్పుడు ఇక్కడిదే. అక్కడ పనిచేసిన చార్లెస్ హాజ్డమాక్ రాసిన 1800–1914 బ్రిటిష్ గాజు పుస్తకం చదివి వెళితే, అందులో చెప్పిన పనితనం కళ్లెదుట ఉంటుంది. కోత గాజు, కేమియో గాజు (రెండు రంగుల పొరల్లో పైపొర చెక్కి బొమ్మ తేల్చేది) గురించి నేర్చుకోవాలంటే ఇదే చోటు. నాలాగా అచ్చు గాజు పిచ్చివాళ్లకు మాత్రం గేట్స్‌హెడ్‌లోని షిప్లీ ఆర్ట్ గ్యాలరీ మేలు.

రాత్రి ఊళ్లో ఒక పబ్ పైగదిలో దిగాను. 80 పౌండ్లు. వేడినీళ్లు రావడానికి అరగంట, కింద పాటలు అర్ధరాత్రి దాకా. పొద్దున టిఫిన్‌లో పుట్టగొడుగులు, బీన్స్, టోస్ట్ మాత్రం కడుపునిండా పెట్టారు. నిద్ర ముఖ్యమైతే బర్మింగ్‌హామ్‌లోనే ఉండి పొద్దున్నే రండి.

ఇక ఇంగ్లండ్‌లోని న్యూవార్క్‌లో జరిగే పాత వస్తువుల సంత. పాత విమానస్థావరం పక్కన, కనుచూపు మేర స్టాళ్లే. తొలిరోజు టికెట్ ఖరీదు, కానీ మంచి సరుకు ఆరోజే పోతుంది. పుస్తకం చదివిన ఫలితం ఇక్కడే కనబడింది. ఒక స్టాల్లో ఆకుపచ్చ అచ్చు గాజు పూలకుండీకి ‘విక్టోరియన్’ అని చీటీ, ధర 45 పౌండ్లు. అడుగున రిజిస్టర్ నంబరు 79తో మొదలవుతోంది, మొత్తం ఆరంకెలు. డైమండ్ ముద్ర బదులు 1884లో ఒకటితో మొదలైన ఈ నంబర్లు, విక్టోరియా రాణి పోయిన 1901 జనవరికి 3,68,000 దగ్గరున్నాయి. అంటే ఈ కుండీ 1930లది. మాట్లాడకుండా ఆ నంబరు చూపించాను. స్టాల్ ఆయన ఫోన్ తీసి చూసుకుని చీటీ చించేసి, “అయితే పదిహేను ఇవ్వండి” అన్నాడు. ఇచ్చేశాను.

వైట్‌ఫ్రయర్స్ అనే లండన్ కంపెనీ గాజు కావాలనుకునేవాళ్లకు ఈ కిటుకు పనికిరాదు. ఎక్కువగా కాగితం లేబుళ్లే కాబట్టి అడుగున ఏమీ ఉండదు. ఆ కంపెనీ డిజైనర్ జెఫ్రీ బాక్స్‌టర్ చేసిన బరక వాజులు 1967లో సినమన్, ఇండిగో, విల్లో రంగుల్లో వచ్చాయి. టాంజరీన్, కింగ్‌ఫిషర్ రంగులు 1969లో. అందుకే నారింజ రంగు వాజు పట్టుకుని ‘1967ది’ అంటే నమ్మొద్దు. వాటిలో బాంజో అనే వాజుకి నకిలీలూ తిరుగుతున్నాయి. దాని కేటలాగ్ నంబరు 9681. ఆ పేజీ ఫొటో ఫోన్‌లో పెట్టుకుని, ఎత్తు కొలిచే టేపు కూడా జేబులో వేసుకుని వెళ్లండి.