ఏథెన్స్ ప్యాకేజీలో డబ్బు పోయింది, థీబ్స్‌లో మనసు నిండింది

"గ్రీకు నాటకాల యాత్ర" అని పేరు పెట్టి ఏథెన్స్‌లో ఒక టూర్ ఏజెన్సీ తలకు 95 యూరోలు తీసుకుంది. అక్రోపోలిస్ కొండ టికెట్ 30 యూరోలు అదనం. ఇంతా చేసి కొండ దక్షిణపు వాలులో ఉన్న డయోనిసస్ థియేటర్ దగ్గర పదిహేను నిమిషాలు నిలబెట్టి, సావనీర్ షాపులో గంట కూర్చోబెట్టారు. ప్రాచీన గ్రీకు నాటకకర్త సోఫోక్లీస్ నాటకాలు ఆడిన చోటది. గైడు ఆయన పేరైనా ఎత్తలేదు. ఇప్పుడు కనిపించే రాతి మెట్లు ఆయన తర్వాతి కాలానివి, అప్పట్లో జనం కూర్చున్నది చెక్క బల్లల మీద. ఈ సంగతి అక్కకి నేనే చెప్పాల్సి వచ్చింది. గైడుని ఏదైనా అడిగితే బస్సుకి టైమైందన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

మరునాడు ఎపిడారస్‌లోని ప్రాచీన థియేటర్ చూడటం బాగానే జరిగింది.

మా అక్క హైదరాబాద్‌లో లాయరు. సోఫోక్లీస్ క్రీ.పూ. 441 ప్రాంతపు నాటకం 'యాంటిగని'ని విమానంలోనే చదివేసి, అందులోని థీబ్స్ రాజు క్రెయాన్ పక్షం తీసుకుంది. "సొంత ఊరి మీదికే సైన్యాన్ని తెచ్చినవాడికి అంత్యక్రియలు వద్దన్నాడు. తప్పేముందే?" అని నాతో వాదన. యాంటిగని మాత్రం అన్న పోలినైకీస్ శవం మీద మట్టి చల్లి, దేవతల చట్టాలు ఎక్కడా రాసి ఉండవు, నిన్నా మొన్నా పుట్టినవీ కావు, నీ ఆజ్ఞ వాటిని దాటలేదని రాజు ముఖం మీదే చెబుతుంది.

ఆ కథ జరిగిన థీబ్స్ ప్యాకేజీలో లేనే లేదు! మేమే రైలెక్కి వెళ్లాం. ఎండకి అక్క విసుక్కుంది. పాత రాజభవనం శిథిలాలు మామూలు ఇళ్ల మధ్య కంచెల వెనక కనిపిస్తాయి, వాటికోసమే అయితే వెళ్లక్కర్లేదు. మ్యూజియం మాత్రం వదలకండి. తనాగ్రాలో దొరికిన మట్టి శవపేటికలు అక్కడున్నాయి, మూడు వేల ఏళ్లు దాటినవి. వాటి మీద రెండు చేతులూ తలకి పెట్టుకుని ఏడుస్తున్న ఆడవాళ్ల బొమ్మలు. పోయినవాళ్లని సాగనంపడం ఆ నేల మీద ఎంత పాతదో ఆ పేటికలే చెబుతాయి. అక్క వాటి ముందు నుంచి కదల్లేదు.

భోజనం ఇద్దరికీ 22 యూరోలు, రుచిగా ఉంది.

తిరుగు రైల్లో అక్క వాదన మారింది. ఏథెన్స్ చట్టం కూడా ద్రోహిని తన నేలలో పాతనిచ్చేది కాదు, కానీ ఎల్లల అవతల పాతిపెట్టుకోవచ్చు. క్రెయాన్ మాత్రం పోలినైకీస్ శవాన్ని కుక్కలకీ పక్షులకీ వదిలేశాడు. చచ్చినవాణ్ణి మళ్లీ చంపడం ఏం వీరత్వమని గుడ్డి జోస్యుడు టైరీసియస్ అడిగేది అందుకే. అక్కకి అంతకన్నా కోపం తెప్పించింది తర్వాతి ఘట్టం. శిక్షగా గుహలో మూసేసిన యాంటిగనిని ముందు విడిపించు, తర్వాత శవాన్ని పాతిపెట్టు అని పెద్దలు చెప్పినా, మనసు మార్చుకున్న క్రెయాన్ ముందు శవం దగ్గరికే వెళ్లాడు. గుహకి చేరేసరికి ఆమె ఉరేసుకుంది. ఆమె కోసం, ఆమెని పెళ్లాడాల్సిన క్రెయాన్ కొడుకు హైమన్, కొడుకు కోసం రాణి యూరిడిసీ ప్రాణాలు తీసుకున్నారు. "ఉరి మీద స్టే వచ్చాక జైలుకి ఫోన్ చేయకుండా ఫైలు సర్దుకుంటూ కూర్చున్నట్టుంది" అంది అక్క.

నా సలహా ఒకటే. నాటకం చదివి బయల్దేరండి, ప్యాకేజీలు కొనకండి. డయోనిసస్ థియేటర్‌కి ఒక ఉదయం, థీబ్స్‌కి ఒక పూర్తి రోజు పెట్టుకోండి. మ్యూజియానికి సెలవు ఏ రోజో ముందే కనుక్కుని రైలెక్కండి.