కంపైలర్ల రివ్యూ: తప్పు జరిగితే ఎవరు సరిగ్గా చెబుతారు?

కంపైలర్‌కి, అంటే మనం రాసిన కోడ్‌ని కంప్యూటర్ నడపగలిగే రూపంలోకి మార్చే ప్రోగ్రామ్‌కి, కూడా రివ్యూ రాస్తారా అంటే, ఎవరూ రాయరు. ఫ్రీగా వచ్చేదానికి రివ్యూ ఏంటి అనుకుంటారు. ఇయర్‌ఫోన్లు కొనాలంటే పది వీడియోలు చూస్తాం గానీ, పొద్దున్నుంచి రాత్రిదాకా ముందు పెట్టుకుని కూర్చునే కంపైలర్ విషయానికొస్తే కాలేజీలో ఏది ఉంటే అది, ఆఫీసులో ఏది ఇస్తే అది. అందుకే ఇది రాస్తున్నా. స్పీడ్, బెంచ్‌మార్కులు లాంటివి ఇందులో ఉండవు. నేను చూసింది ఒక్కటే: కోడ్‌లో తప్పుంటే అది ఏ లైన్లో ఉంది, ఏం చేస్తే పోతుంది అనేది మనకి అర్థమయ్యేలా చెబుతుందా లేదా. కోడ్ కరెక్ట్‌గా ఉన్నంతసేపు అన్నీ మంచి కంపైలర్లే.

ముందు టర్బో సీ ప్లస్ ప్లస్ 3.0 గురించి తేల్చేద్దాం. బోర్లాండ్ వాళ్లు 1990ల మొదట్లో తెచ్చిన సరుకు ఇది, సీ ప్లస్ ప్లస్ భాషకి మొదటి ఐఎస్‌ఓ స్టాండర్డ్ వచ్చిందే 1998లో. అయినా మన వైపు కొన్ని ల్యాబుల్లో ఇంకా ఆ నీలం స్క్రీన్ కనబడుతూనే ఉంది. 64 బిట్ విండోస్ మీద అది నేరుగా నడవదు కాబట్టి డాస్‌బాక్స్ (పాత డాస్ కంప్యూటర్‌ని అనుకరించే సాఫ్ట్‌వేర్) పెట్టి, అందులో నడిపిస్తారు. కొత్త ఫైల్ తెరిస్తే నోనేమ్00 డాట్ సీపీపీ అని పేరు పెడుతుంది, పిల్లవాడు అందులో సీ ప్రోగ్రామ్ రాస్తాడు, ఎస్‌టీడీఐఓ హెడర్ (రెడీమేడ్ ఫంక్షన్ల వివరాలుండే ఫైల్) పెట్టడం మర్చిపోతాడు, అప్పుడది ప్రింట్ఎఫ్‌కి, అంటే స్క్రీన్ మీద చూపించే ఫంక్షన్‌కి, ప్రోటోటైప్ (ఫంక్షన్ ఎలా ఉంటుందో ముందే చెప్పే లైన్) ఉండాలి అంటుంది. మొదటి వారం సీ నేర్చుకునేవాడికి ప్రోటోటైప్ అంటే ఏం తెలుస్తుంది చెప్పండి. "హెడర్ పెట్టావా" అని అడిగితే సరిపోయేది. సెమీకోలన్ మర్చిపోతే తప్పున్న లైన్ వదిలేసి కింది లైన్‌కి రంగు పూస్తుంది, దొంగతనం మా ఇంట్లో జరిగితే పక్కింటి తలుపు కొట్టినట్టు.

ఇవన్నీ ఒకెత్తు, అసలు చెప్పకుండా వదిలేసేవి ఇంకో ఎత్తు. టర్బో సీలో ఇంట్ (పూర్ణాంకాలు దాచుకునే రకం) అంటే 16 బిట్లే, 32767 దాటితే అంతే సంగతులు. ఫ్యాక్టోరియల్ ప్రోగ్రామ్ రాసి 8 ఇస్తే 40320 రావాల్సిన చోట మైనస్ 25216 వస్తుంది. ఎర్రర్ లేదు, వార్నింగ్ లేదు. లాజిక్‌లో తప్పేమీ లేకపోయినా ఆ పిల్లవాడు లూప్‌లో తప్పుందనుకుని గంటసేపు దాన్నే తిప్పి తిప్పి చూస్తాడు. అయిదుకి ఒక స్టార్, అది కూడా ఆ నీలం స్క్రీన్ మీద కొందరికి ఉన్న మమకారాన్ని గౌరవించి.

జీసీసీలో, అంటే లినక్స్‌లో ఎక్కువగా వాడే ఫ్రీ సీ, సీ ప్లస్ ప్లస్ కంపైలర్‌లో, ఈ బాధ పోతుందా అంటే, సగం పోతుంది. ఇంట్ 32 బిట్లు కాబట్టి 12 ఫ్యాక్టోరియల్ దాకా బాగానే వస్తుంది, 13 ఇస్తే మామూలుగా 1932053504 అని చూపిస్తుంది. చూడ్డానికి నిజం ఆన్సర్‌లాగే ఉంటుంది, మైనస్ కూడా లేదు కాబట్టి ఎవరికీ అనుమానం రాదు, అసలు విలువ మాత్రం 6227020800. శానిటైజర్ ఆప్షన్ పెట్టి కంపైల్ చేస్తే రన్ అయ్యేటప్పుడు ఓవర్‌ఫ్లో అయిందని లైన్ నంబర్‌తో సహా చెబుతుంది, కానీ ఆ ఆప్షన్ ఒకటుందని ఏ సిలబస్‌లోనూ కనబడదు.

ఇప్పుడు నాకు బాగా ఇష్టమైన పరీక్ష. వర్డ్‌లో టైప్ చేసిన ల్యాబ్ మాన్యువల్ పీడీఎఫ్‌లోంచి హలో అని చూపించే ఒక ప్రింట్ఎఫ్ లైన్ కాపీ చేసి ఎడిటర్లో పేస్ట్ చేయండి. వర్డ్ మామూలు కోట్స్‌ని వంకర కోట్స్‌గా మార్చేసి ఉంటుంది, కంటికి పెద్ద తేడా తెలియదు. జీసీసీ పాత వెర్షన్లు దీనికి ఏమంటాయంటే, "స్ట్రే 342 ఇన్ ప్రోగ్రామ్", తర్వాత 200, తర్వాత 234. అంటే ఆ ఒక్క కోట్ గుర్తు యూటీఎఫ్ 8లో (అక్షరాల్ని ఫైల్లో దాచే పద్ధతి) మూడు బైట్లు, ఒక్కో బైట్‌ని ఆక్టల్‌లో (ఎనిమిది అంకెలతోనే రాసే లెక్కలో) విడివిడిగా తిడుతుందన్నమాట. మూసే కోట్‌కి ఇంకో మూడు. ఒక్క హలో కోసం ఆరు ఎర్రర్లు, ఆ పైన హలో అనే వేరియబుల్ ఎక్కడా లేదని ఇంకోటి. 342 అనే నంబర్ చూసి పిల్లవాడు 342వ లైన్‌కి వెళ్దామనుకుంటాడు, ప్రోగ్రామ్ చూస్తే పది లైన్లే. కొత్త వెర్షన్లలో కొంచెం నయం. జావా కంపైలర్ ఇల్లీగల్ క్యారెక్టర్ అని యూనికోడ్ నంబర్ ఇస్తుంది, కావాలంటే వెతుక్కోవచ్చు. పైథాన్ ఆ అక్షరాన్నే స్క్రీన్ మీద చూపించి దాని నంబర్ కూడా పక్కన వేస్తుంది. రస్ట్ భాష కంపైలర్ అయితే, ఇది లెఫ్ట్ డబుల్ కొటేషన్ మార్క్, చూడ్డానికి మామూలు కొటేషన్ మార్క్‌లాగే ఉంటుంది గానీ అది కాదు అని పేరు పెట్టి మరీ చెప్పి, దేనితో మార్చాలో రాసి చూపిస్తుంది. అదే తప్పు, అదే లైన్, మాట్లాడే తీరు చూడండి. (టర్బో సీలో ఈ గొడవే రాదు, మామూలు డాస్‌బాక్స్ లోపలికి పేస్ట్ చేయడమే కుదరదు.)

సెమీకోలన్ విషయంలో జీసీసీ కూడా చాలాకాలం కింది లైన్నే చూపించేది. "రిటర్న్ ముందు సెమీకోలన్ ఉండాలి" అనేది, రిటర్న్ లైన్ చూస్తే అన్నీ బాగానే ఉండేవి. 2018లో 8వ వెర్షన్‌తో మారింది, ఇప్పుడు సరిగ్గా ఏ లైన్ చివర పెట్టాలో అక్కడే గుర్తు పెడుతుంది. ప్రింట్ఎఫ్ స్పెల్లింగ్ తప్పు కొడితే "దీన్నా నువ్వు రాయాలనుకుంది" అని అడుగుతుంది కూడా. ఈ పద్ధతులు వచ్చింది చాలావరకు క్లాంగ్ అనే ఇంకో సీ, సీ ప్లస్ ప్లస్ కంపైలర్‌తో పోటీ వల్లే అని నా నమ్మకం. 2007లో క్లాంగ్ బయటికొచ్చినప్పటి నుంచీ దాని ఎర్రర్లు చదవగలిగేలా ఉంటాయని పేరు. మాక్ వాడేవాళ్లకి జీసీసీ అని టైప్ చేసినా వెనక నడిచేది క్లాంగే, చాలామందికి ఆ సంగతే తెలియదు.

ఇంకో మంచి పని, 2024లో వచ్చిన జీసీసీ 14లో డిక్లేర్ చేయని ఫంక్షన్‌ని పిలిస్తే వార్నింగ్‌తో వదలకుండా ఎర్రరే ఇస్తుంది. అలా పిలిచే వెసులుబాటుని సీ స్టాండర్డ్ 1999లోనే తీసేసింది, పాతికేళ్లు ఊరుకుని ఇప్పుడు పట్టుకున్నారు. పాత ప్రాజెక్టులు కొన్ని దీనివల్ల బిల్డ్ కాక మొత్తుకున్నాయి, నేనైతే మంచిదే అంటాను.

జీసీసీకి నేను మార్కులు కోసేది రెండు చోట్ల. మొదటిది లింకర్, అంటే కంపైల్ అయిన ముక్కల్ని కలిపి ఒక్క ప్రోగ్రామ్‌గా చేసేది. నాకు జూనియర్ల నుంచి వచ్చే స్క్రీన్‌షాట్లలో ఎక్కువ భాగం "ఎల్‌డీ రిటర్న్‌డ్ 1 ఎగ్జిట్ స్టేటస్" అనే ఆఖరి లైన్ ఒక్కటే ఉంటుంది, "అన్నా, ఇదేంటి" అని కింద ఒక ముక్క. ఆ లైన్లో సమాచారం సున్నా. పని కాలేదు అని మాత్రమే దాని అర్థం, ఎందుకు కాలేదో దానికి పైన రాసుంటుంది, దాన్నే కట్ చేసి పంపిస్తారు. పైన ఉండేది ఎక్కువగా అన్‌డిఫైన్డ్ రిఫరెన్స్. ఫలానా ఫంక్షన్ ఉందని మీరు చెబితే కంపైలర్ నమ్మింది, తీరా ఫైళ్లన్నీ కలిపేటప్పుడు లింకర్ వెతికితే దాని బాడీ దొరకలేదు, అంతే. లినక్స్‌లో సీ ప్రోగ్రామ్‌లో స్క్వేర్ రూట్ వాడితే ఇంకా తమాషా. నేరుగా 16కి రూట్ అడిగితే కంపైలరే లెక్క కట్టేసి 4 పెట్టేస్తుంది, ఎర్రర్ రాదు. అదే ఎక్స్ అనే వేరియబుల్‌కి యూజర్ దగ్గర విలువ తీసుకుని దానికి రూట్ అడిగితే అన్‌డిఫైన్డ్ రిఫరెన్స్. "ఇందాక పని చేసింది కదా" అని జుట్టు పీక్కోవాల్సిందే. మ్యాథ్ లైబ్రరీ కోసం కమాండ్ చివర మైనస్ ఎల్ఎం పెడితే పోతుంది, అదొక్క ముక్క లింకర్ తనే చెప్పొచ్చుగా? విండోస్‌లో మింగ్‌డబ్ల్యూ (విండోస్ కోసం చేసిన జీసీసీ) వాడేవాళ్లకి విన్‌మెయిన్ దొరకలేదని వస్తుంది, వాళ్లు జన్మలో ఆ పేరు రాసి ఉండరు. అలా వస్తే ముందు వీఎస్ కోడ్ ఎడిటర్లో ఫైల్ పేరు పక్కన తెల్ల చుక్క ఉందేమో చూడండి. ఉంటే ఫైల్ సేవ్ చేయలేదని, ఖాళీ ఫైల్ కంపైల్ అయిందని అర్థం.

రెండోది సీ ప్లస్ ప్లస్ టెంప్లేట్లు, అంటే ఏ రకం డేటాకైనా పనిచేసేలా ఒక్కసారే రాసే కోడ్. లిస్ట్‌ని తీసుకెళ్లి స్టాండర్డ్ సార్ట్‌కి ఇస్తే స్క్రీన్ల కొద్దీ కారుతూనే ఉంటుంది, అందులో ముప్పావు వంతు మీరెప్పుడూ తెరవని హెడర్ ఫైళ్ల పేర్లు. లిస్ట్ ఇటరేటర్లకి (లిస్ట్‌లో ఎక్కడున్నామో చూపించే గుర్తులు) తీసివేత లేదు, సార్ట్‌కి అది కావాలి, ఇంతే గొడవ. "రిక్వైర్డ్ ఫ్రమ్ హియర్" అన్న మాట వెతికి, అందులో మీ ఫైల్ పేరున్న లైన్ పట్టుకోండి, మిగతాదంతా వదిలేయండి. సీ ప్లస్ ప్లస్ 20లో కాన్సెప్ట్స్ (టెంప్లేట్‌కి ఎలాంటి రకం కావాలో ముందే రాసే పద్ధతి) వచ్చాక కొంచెం తగ్గింది, పూర్తిగా పోలేదు. మొత్తానికి మైనస్ డబ్ల్యూ ఆల్ (మరిన్ని వార్నింగులు చూపించే ఆప్షన్) పెట్టుకుని వాడితే జీసీసీకి నాలుగు. అది పెట్టకపోతే మూడే, ఎందుకంటే ఇఫ్‌లో రెండు ఈక్వల్స్ బదులు ఒకటి కొట్టినా మాట్లాడకుండా పోతుంది.

జావా కంపైలర్ జావాక్ గురించి పెద్దగా చెప్పడానికి లేదు. సెమీకోలన్ ఎక్కడ లేదో సరైన చోటే చూపిస్తుంది, అది మెచ్చుకోవాలి. కానీ స్ట్రింగ్‌లో ఎస్ చిన్నది కొడితే "కెనాట్ ఫైండ్ సింబల్" అని ఊరుకుంటుంది, పెద్ద ఎస్ పెట్టమని ఒక్క సలహా ఉండదు. ఎక్కడో మధ్యలో బ్రాకెట్ మూయకపోతే ఫైల్ ఆఖరి లైన్‌కి తీసుకెళ్లి వదిలేస్తుంది. మూడు స్టార్లు.

పైథాన్ కంపైలర్ కాదుగా అని కామెంట్ పెట్టేవాళ్లు ఆగండి, అది కూడా ముందు కోడ్‌ని బైట్‌కోడ్ అనే మధ్య రూపంలోకి కంపైల్ చేస్తుంది, సింటాక్స్ ఎర్రర్ వచ్చేది అక్కడే. 3.9 దాకా బ్రాకెట్ మూయడం మర్చిపోతే కింది లైన్లో "ఇన్‌వాలిడ్ సింటాక్స్" అనేది, ఇక వెతుక్కో. 2021లో వచ్చిన 3.10 నుంచి తెరిచిన బ్రాకెట్ దగ్గరికే వెళ్లి ఇది మూయలేదు అంటుంది. కోలన్ మర్చిపోతే కోలన్ అనే చెబుతుంది. ట్యాబులూ స్పేసులూ కలిపేస్తే వచ్చే ట్యాబ్ ఎర్రర్ మాత్రం ఇప్పటికీ ప్రాణం తీస్తుంది, కంటికి రెండూ ఒకేలా ఉంటాయి మరి. ఇంకా 3.8 దగ్గరే ఉన్న ఆఫీసులు ఉన్నాయి, దయచేసి మార్చండి.

రస్ట్ దగ్గరికొద్దాం. ఊరు అనే స్ట్రింగ్‌లో నెల్లూరు అని పెట్టి, దాన్ని ఇంకో వేరియబుల్‌కి ఇచ్చి, మళ్లీ ఊరుని ప్రింట్ చేయబోతే ఈ0382 అని ఎర్రర్ వస్తుంది. చూడాల్సింది దాని కింద. ఊరు పుట్టిన లైన్ దగ్గర "ఇది స్ట్రింగ్, కాపీ అయ్యే రకం కాదు" అని, ఇచ్చేసిన లైన్ దగ్గర "ఇక్కడ చేతులు మారింది" అని, ప్రింట్ లైన్ దగ్గర "ఇచ్చేశాక మళ్లీ వాడుతున్నావు" అని మూడు చోట్లా గీతలు గీసి చూపిస్తుంది, చివర్లో క్లోన్ (ఇంకో కాపీ) చేసుకుంటే పోతుంది, ఖర్చు పర్వాలేదనుకుంటే, అని సలహా. ఆ నంబర్ ఇచ్చి ఎక్స్‌ప్లెయిన్ కమాండ్ కొడితే ఉదాహరణతో సహా పాఠం వస్తుంది, నెట్ అక్కర్లేదు. 2015లో ఎల్మ్ అనే చిన్న భాష ఎర్రర్లని మనుషుల్లా రాయడం మొదలుపెడితే, రస్ట్ వాళ్లు దాన్ని చూసి నేర్చుకుని 2016లో తమవి మార్చుకున్నారు.

అయినా అయిదుకి అయిదు ఇవ్వను. ఆ క్లోన్ సలహా చూసి కొత్తవాళ్లు కోడ్ నిండా క్లోన్లు చల్లేస్తారు, ఎర్రర్ పోతుంది, ఓనర్‌షిప్ (ఏ విలువ ఏ వేరియబుల్ సొంతమో చెప్పే రస్ట్ నియమం) అంటే ఏంటో మాత్రం బుర్రకెక్కదు. అసింక్ కోడ్‌లోకి (ఒక పని కోసం ఆగకుండా వేరే పనులు చేసేలా రాసే కోడ్) దిగితే ఇది కూడా సీ ప్లస్ ప్లస్‌లాగే పేజీలు పేజీలు చదివిస్తుంది. పైగా విండోస్‌లో మామూలుగా ఇన్‌స్టాల్ చేయాలంటే మైక్రోసాఫ్ట్ బిల్డ్ టూల్స్ కావాలి, అవే కొన్ని జీబీలు, ప్రాజెక్టులో కంపైల్ అయిన ఫైళ్లు పెట్టే టార్గెట్ ఫోల్డర్ ఇంకొన్ని జీబీలు తింటుంది. నాలుగు జీబీ ర్యామ్ ఉన్న లాప్‌టాప్ మీద మొదటి బిల్డ్ పెట్టి టీకి వెళ్లి రావచ్చు. నాలుగున్నర.

ఫస్టియర్ పిల్లలకైతే జీసీసీ, అదీ 8 తర్వాతది ఏదైనా, మైనస్ డబ్ల్యూ ఆల్‌తో. ఉద్యోగం చేస్తూ సీ ప్లస్ ప్లస్ రాసేవాళ్లు అదే ఫైల్‌ని ఒకసారి క్లాంగ్‌తో కూడా కంపైల్ చేసి చూడండి, ఒకటి అర్థం కాకుండా చెప్పింది ఇంకోటి చెబుతుంది. ఇన్‌స్టాల్ చేసుకునే ఓపిక లేకపోతే కంపైలర్ ఎక్స్‌ప్లోరర్ అని మ్యాట్ గాడ్‌బోల్ట్ చేసిన సైట్ ఉంది, బ్రౌజర్లోనే ఒకే కోడ్‌ని పాతా కొత్తా వెర్షన్లన్నిటితో పక్కపక్కన పెట్టి చూడొచ్చు, జీసీసీ 7కీ 8కీ మధ్య సెమీకోలన్ తేడా కూడా అక్కడే కనబడుతుంది. ఫోన్లో తెరవకండి, కిటికీలన్నీ ఇరుక్కుపోయి ఏదీ కనబడదు.