వెలుగుతో ఏఐ: లెక్కలు చేయించాలా, డేటా మోయించాలా?

ఏఐ తినే కరెంటు తగ్గాలంటే కాంతే దారి అనే మాట గట్టిగా వినపడుతోంది. నిజానికి అందులో రెండు వేర్వేరు దారులున్నాయి. ఏఐ లెక్కల్లో ఎక్కువ భాగం గుణకారాలే, వాటినే కాంతితో చేయించడం ఒకటి. లెక్కలు ఎలక్ట్రానిక్ చిప్‌కే వదిలేసి, చిప్‌ల మధ్య డేటాను కాంతితో పంపడం రెండోది.

మొదటిది ముచ్చటైన పని. సిలికాన్‌లో చెక్కిన సన్నటి కాలువలో వెలుగు రెండు పాయలుగా చీలుతుంది. ఒక పాయ పక్కన బుల్లి హీటర్ ఉంటుంది. అది వేడెక్కితే ఆ పాయలో తరంగం కాస్త అటూ ఇటూ జరుగుతుంది. పాయలు మళ్లీ కలిసే చోట తరంగాలు జత కుదిరితే వెలుగు నిండుగా వస్తుంది, కుదరకపోతే తగ్గుతుంది. ఎంత తగ్గాలో హీటర్‌తో మనమే నిర్ణయిస్తాం కాబట్టి అదే గుణకారం. 2017లో ఎంఐటీ బృందం ఇలాంటివి 56 వాడి అచ్చుల ఉచ్చారణ గుర్తుపట్టించింది. కచ్చితత్వం 76.7 శాతం. మామూలు కంప్యూటర్‌కు 91.7 వచ్చింది.

అక్కడి నుంచి చాలా దూరమే వచ్చారు. 2025లో లైట్‌మ్యాటర్ కంపెనీ కాంతి చిప్‌లతో బెర్ట్ (భాషకు), రెస్‌నెట్ (బొమ్మలకు) లాంటి అసలు ఏఐ మోడళ్లనే నడిపి చూపింది. సెకనుకు 65.5 లక్షల కోట్ల లెక్కలు, ఖర్చు సుమారు 80 వాట్లు. ఏఐకి బాగా వాడే ఎలక్ట్రానిక్ చిప్ ఎన్విడియా హెచ్100 కాగితం మీద 700 వాట్లతో దాదాపు 989 లక్షల కోట్లు చేస్తుంది. వాట్‌కు పంచి చూడండి: కాంతికి 0.8 లక్షల కోట్ల లెక్కలు, ఎలక్ట్రానిక్ చిప్‌కు 1.4 లక్షల కోట్లు. రెండూ అంకెలను రాసుకునే పద్ధతులు వేరు కాబట్టి తూకం అచ్చంగా సరిపోదు, అయినా కాంతి అంటేనే పొదుపు అనుకోకూడదని మాత్రం తేలిపోయింది.

కారణం గుణకారంలో లేదు. ప్రతి అంకెనూ వెలుగుగా మార్చాలి, ఫలితాన్ని మళ్లీ అంకెగా మార్చాలి, దాచుకోవడానికి మామూలు మెమరీయే దిక్కు. కరెంటు అక్కడే పోతోంది.

అందుకే నా ఓటు రెండో దారికి. 2014లో స్టాన్‌ఫర్డ్ ప్రొఫెసర్ మార్క్ హోరోవిట్జ్ ఇచ్చిన లెక్క నాకు ఎప్పుడూ గుర్తొస్తుంది: అప్పటి 45 నానోమీటర్ చిప్‌లో ఒక గుణకారానికి 3.7 పికోజౌల్స్ (జౌల్‌లో లక్ష కోట్లో వంతు) శక్తి, అదే అంకెను చిప్ బయటి మెమరీ డీర్యామ్ నుంచి తేవడానికి 640. అంటే లెక్క చవక, మోత ఖరీదు. వేల చిప్‌లు కలిసి ఒకే మోడల్‌ను నడిపేటప్పుడు ఈ మోత ఇంకా పెరుగుతుంది. వేగం పెరిగేకొద్దీ రాగి తీగలో సిగ్నల్ కొద్ది దూరానికే నీరసించిపోతుంది, వెలుగును మోసే ఫైబర్‌లో ఆ బాధ అంతగా లేదు. 2025లో ఎన్విడియా కాంతి భాగాలను, డేటాకు దారి చూపే స్విచ్ చిప్ పక్కకే తెచ్చి పెట్టింది. విద్యుత్ పొదుపు మూడున్నర రెట్లు మెరుగని కంపెనీ చెబుతోంది.

విశాఖలో గూగుల్ ప్రకటించిన గిగావాట్ స్థాయి కేంద్రం లాంటివి ఇప్పుడు కడుతున్నప్పుడు అడగాల్సింది ఇదే: ర్యాక్‌ల (కంప్యూటర్లు పేర్చిన బీరువాల) మధ్య ఎంత రాగి, ఎంత ఫైబర్?

మొదటి దారిని నేను కొట్టిపారేయను. సమాచారం వెలుగుగానే వచ్చే చోట, కెమెరా కటకం వెనకో ఫైబర్ కొసనో, ముందే మార్చుకునే ఖర్చు ఉండదు. 2024లో ఎంఐటీ చిప్ ఒకటి అర నానోసెకను లోపే జవాబిచ్చింది, కచ్చితత్వం 92 శాతం పైనే. ఆ చిప్‌కు సరైన చోటు డేటా సెంటర్ కాదు, ఆ కొసే.