కడియపులంక నర్సరీ మొక్కలు: ఆరు నెలల తరువాత, రోహిణి కార్తెలో

రాజమహేంద్రవరం దగ్గర జాతీయ రహదారి పక్కనే ఉన్న కడియపులంకలో, ఒక చిన్న నర్సరీ నుంచి మొన్న డిసెంబరు మొదట్లో 2 బొండుమల్లె మొక్కలు, 5 మే పుష్పం దుంపలు, ఒక నూరువరహాల మొక్క తెచ్చుకున్నాము. అక్కడి చల్లని నీడలో ఏ మొక్కయినా కళకళలాడుతూనే ఉంటుంది కనుక, విజయవాడ ఎండకు మా డాబా మీద అవి ఎలా నిలుస్తాయో చూశాకే రాయాలని ఇన్నాళ్ళు ఆగాను.

ముందుగా మల్లెల గురించి చెప్పాలి. "జనవరిలో కొమ్మలు కత్తిరించి, ఆకు దూసి, కొన్నాళ్ళు నీళ్ళు తగ్గించండమ్మా, మోడులా కనిపించినా కంగారు పడకండి" అని నర్సరీ పెద్దాయన చెప్పినప్పుడు, పచ్చని మొక్కను అలా చేయడానికి నాకు మనసొప్పలేదు. అయినా ఆయన మాట ప్రకారమే చేశాను. మార్చి చివరికల్లా ప్రతి కొత్త చిగురు కొసనా మొగ్గలు కనిపించాయి, ఇప్పుడు రోజూ దోసెడు కోస్తున్నాను. సాయంత్రం నాలుగింటికి మొగ్గ ఆకుపచ్చ ఛాయ వదిలి పాలరంగుకు తిరుగుతుంది. అప్పుడు కోసి మాల కడితే, దీపాలు పెట్టే వేళకు పొరలు పొరలుగా విచ్చుకుని ఇల్లంతా పరిమళంతో నిండిపోతుంది. బొండుమల్లె అని చెప్పి నిజంగా బొండుమల్లెనే ఇచ్చినందుకు ఆ నర్సరీ వారికి కృతజ్ఞతలు.

మే పుష్పం దుంపల్లో ఒకటి ఇంటికి వచ్చేసరికే మెత్తబడి ఉంది. ఫోను చేయగానే మారు మాట లేకుండా బస్సు పార్సిలులో మరొకటి పంపారు, అది ఆకు వేసిందే కాని ఈ ఏడు పూయలేదు. తక్కిన నాలుగూ మే మొదటి వారంలో, ఒక గాలివాన కురిసిన తరువాత, ఒట్టి మట్టిలోంచి కాడను పైకి తోశాయి. దగ్గరగా చూస్తే ఆ ఎర్రని బంతి ఒక్క పువ్వు కాదు, పదుల కొద్దీ చిన్న పూల గుత్తి. ఒక్కొక్క పువ్వు నుంచి సూదుల్లాంటి ఆరు కేసరాలు, వాటి కొసన పసుపు పుప్పొడి.

నూరువరహాల విషయంలో మాత్రం నాకు అసంతృప్తి ఉంది. దాని వేళ్ళ చుట్టూ ఉన్న బంకమట్టి ముద్ద ఎండకు రాయిలా గట్టిపడి, పోసిన నీరంతా కుండీ అంచుల వెంట జారిపోయింది. పైగా మాది ఉప్పదనంతో పాటు క్షారగుణమూ ఉన్న బోరు నీరు. అలాంటి క్షార నీటితో ఈ మొక్కకు ఇనుము అందదు కనుక, ఈనెలు పచ్చగా ఉండగానే లేత ఆకులు పసుపు తిరిగాయి. మల్లెకు అంత శ్రద్ధగా సలహా ఇచ్చినవారు, దీన్ని అమ్మేముందు మీ నీళ్ళు ఎలాంటివని ఒక్క మాట అడిగి ఉండవలసింది. కుళాయి నీరు పట్టి పోస్తున్న ఈ నెల రోజుల్లో చిగుళ్ళు పచ్చబడ్డాయి, పూలగుత్తి ఇంకా రాలేదు.

వచ్చే డిసెంబరులో సన్నజాజి కోసం మళ్ళీ అక్కడికే వెళతాను.