లెస్ మెక్‌కాన్, ఎడ్డీ హ్యారిస్‌ల 'స్విస్ మూవ్‌మెంట్': ఏళ్ల తరబడి తిప్పి తిప్పి విన్నాక

1969 జూన్ 21న స్విట్జర్లాండ్‌లోని మాంట్రూ జాజ్ ఫెస్టివల్‌లో, కసినో హాల్లో జరిగిన జాజ్ కచేరీ రికార్డు ఇది. పియానో, పాట లెస్ మెక్‌కాన్. బాస్ లెరాయ్ వినెగర్, డ్రమ్స్ డొనాల్డ్ డీన్. ఈ ముగ్గురూ కలిసి తిరిగిన జట్టే. అతిథులు ఇద్దరు: టెనార్ శాక్సఫోన్ మీద ఎడ్డీ హ్యారిస్, ట్రంపెట్ మీద బెన్నీ బెయిలీ. హ్యారిస్‌కు అప్పటికే సొంత బృందం, సొంత పేరు ఉన్నాయి. బెయిలీ అమెరికా వదిలి యూరప్‌లో స్థిరపడ్డవాడు. అయిదుగురూ కలిసి సరిగ్గా సాధన చేయకుండానే స్టేజీ ఎక్కారు. అట్లాంటిక్ అనే రికార్డు కంపెనీ అదే ఏడాది దాన్ని ఎల్‌పీగా, అంటే పెద్ద వినైల్ డిస్కుగా తెచ్చింది, నంబరు ఎస్‌డీ 1537.

సాధన లేదంటే మనవాళ్లకు వింతేమీ కాదు. కచేరీకి కాసేపటి ముందే గాయకుడికి పరిచయమైన వయొలిన్ విద్వాంసుడు కూడా రెండు గంటలు హాయిగా లాక్కొచ్చేస్తాడు. రాగం, తాళం ఇద్దరికీ తెలిసినవే కాబట్టి అది సాధ్యం. ఇక్కడా ఆ సూత్రమే పనిచేసింది. సోల్ జాజ్, అంటే చర్చి పాటల, బ్లూస్ వాసన ఉన్న జాజ్. ఆ పాటల్లో కార్డులు (కలిపి పలికే స్వరాల గుత్తులు) తక్కువ, ఒకే నడక చాలాసేపు తిరుగుతుంది. దారి తెలియని అతిథి కూడా నాలుగు ఆవృత్తాలు వింటే ఎక్కడ దూరాలో పసిగడతాడు. ఇదే అయిదుగురికి బీబాప్ అనే వేగమైన జాజ్ పద్ధతిలో మెలికలు తిరిగిన పాట ఇచ్చి ఉంటే ఈ రికార్డు బయటకొచ్చేది కాదనిపిస్తుంది.

మొదటి పాట 'కంపేర్డ్ టు వాట్' ఎనిమిది నిమిషాల నలభై సెకన్లు. దీనికోసమే చాలామంది డిస్కు కొంటారు, తప్పులేదు. గొంతు కోసం తొందరపడకండి, అది రావడానికి దాదాపు రెండు నిమిషాలు పడుతుంది. ఆ రెండు నిమిషాలూ చెవి బాస్ మీద పెట్టండి. వినెగర్‌కు మెట్టుమెట్టుగా నడిచే వాకింగ్ బాస్‌తో పేరు. ఇక్కడ ఆ నడక మానేసి ఒకే ముక్కను పట్టుకు కూర్చున్నాడు. దానిమీద మెక్‌కాన్ పియానో తేలిగ్గా మొదలై, చేతి బరువు కొంచెం కొంచెంగా పెంచుకుంటూ పోతుంది. వేగం పెరిగిందని భ్రమ కలుగుతుంది గానీ పెరిగేది ఒత్తిడే. కాలితో తాళం వేసి చూస్తే తెలిసిపోతుంది.

పాట జీన్ మెక్‌డేనియల్స్ రాసింది. వియత్నాం యుద్ధం నడుస్తున్న రోజులు. ప్రెసిడెంటు యుద్ధం, ఆ యుద్ధమెందుకో తెలియని జనం అందులో నేరుగానే వస్తారు. మెక్‌కాన్‌ది శిక్షణ పొందిన గొంతు కాదు, చర్చిలో పెరిగిన గొంతు. కోపాన్ని నవ్వుతూ అంటాడు, అందుకే గుచ్చుకుంటుంది. చరణాల మధ్య సందుల్లో అతిథులు దూరతారు. హ్యారిస్ చిన్న చిన్న ముక్కలుగా తుంచి వాయిస్తే, బెయిలీ పై స్థాయికెళ్లి ఒక్క కేకలా వదులుతాడు. ఒకటి రెండు చోట్ల ప్రవేశం ఒక క్షణం తటపటాయించినట్టు వినిపిస్తుంది. సరిదిద్ది ఉంటే ప్రాణం పోయేది.

గాయని రాబర్టా ఫ్లాక్ కూడా అదే ఏడాది తన తొలి ఆల్బమ్‌ను ఈ పాటతోనే మొదలుపెట్టింది. వాషింగ్టన్ క్లబ్‌లో పాడుతున్న ఆమెను అట్లాంటిక్ కంపెనీ దాకా చేర్చింది మెక్‌కానే. ఆమెది నిప్పును గుప్పెట్లో దాచిన పాట, ఇతనిది ఊరంతా చూసే మంట. రెండూ వెంటవెంటనే వినండి.

'కోల్డ్ డక్ టైమ్' హ్యారిస్ కూర్పు. ఒక రకం వైన్ పేరది, బాతుకు సంబంధం లేదు. పిలిస్తే పలికే పాట, నేర్చుకునేవాళ్లకు అనువైనది. అందుకే జామ్ సెషన్లలో, అంటే ముందే అనుకోకుండా కలిసి వాయించే కూర్పుల్లో, ఇప్పటికీ తిరుగుతోంది. బెయిలీ పూర్తిగా కుదురుకున్నది ఇక్కడే. 'కాథ్లీన్స్ థీమ్' నా లెక్కలో ఈ రికార్డులో పలచని భాగం. రెండో వైపున 'యు గాట్ ఇట్ ఇన్ యువర్ సోల్‌నెస్', 'ద జెనరేషన్ గ్యాప్' రెండే. మాట లేదు, వాయిద్యమే. మొదటి పాట మోజుతో కొన్నవాళ్లు ఈ వైపు తిప్పరు. కొన్నాళ్లు పోయాక ఎక్కువగా తిరిగేది మాత్రం ఇదే.

ఇక వస్తువు సంగతి. ఎల్‌పీ మొదటి వైపు దాదాపు 21 నిమిషాలు, రెండో వైపు 16 లోపే. అంటే మొదటి వైపు గాడులు ఇరుకు. పైగా శబ్దం ఎక్కువ. ముల్లు లోపలికి వెళ్లేకొద్దీ మూడో పాటలో శాక్సఫోన్ గరగరలాడితే, చాలాసార్లు డిస్కు కంటే ముల్లుదే తప్పు. దాని బరువు, కోణం సరిచూసి మళ్లీ వినండి. అప్పటికీ పోకపోతే పాత బరువైన ముళ్లు గాడిని దున్నేశాయన్నమాట, దానికి మందు లేదు.

పాత కాపీ కొనేటప్పుడు లేబుల్ అంచున చిన్న అక్షరాల్లో ఉన్న కంపెనీ చిరునామా చూడండి. 1841 బ్రాడ్‌వే అని ఉంటే తొలి ఏళ్లది, 75 రాక్‌ఫెల్లర్ ప్లాజా అని ఉంటే 1970ల మధ్య నుంచి వచ్చినది. పాతదే మంచిదని కాదు, గీతల్లేనిదే మంచిది. అంతకంటే ముఖ్యం నడిమి చిల్లు. అది మధ్యలో లేకపోతే పియానో స్వరం ఊగుతుంది. డిస్కు ఒక చుట్టు తిరగడానికి 1.8 సెకన్లు పడుతుంది. సరిగ్గా ఆ లెక్కన పైకీ కిందకీ ఊగితే దోషం డిస్కుదే. ట్రంపెట్ అయితే దాన్ని కప్పిపుచ్చుతుంది, పియానో కప్పిపుచ్చదు. టర్న్‌టేబుల్ బెల్టు సాగిందా అని చూడాలన్నా మొదటి పాటే పరీక్ష: ఒక శాతం వేగం తగ్గితే అయిదు సెకన్లు ఆలస్యంగా ముగుస్తుంది. విశాఖ, కాకినాడ లాంటి చోట్ల ఉప్పు తేమకు అట్ట బూజు పడుతుంది. లోపలి కాగితపు సంచి తీసేసి ప్లాస్టిక్‌ది పెట్టుకోండి, డిస్కులు నిలువుగానే ఉంచండి.

1996 సీడీలో 'కాఫ్తాన్' అనే పాట అదనంగా ఉంది. బాగుంది గానీ దానికోసం మళ్లీ కొనక్కర్లేదు. ఫోన్లో వింటే క్రాస్‌ఫేడ్ (ఒక పాట ముగుస్తుండగానే తర్వాతిది మొదలుపెట్టే సెట్టింగు) ఆపేయండి, లేకపోతే పాట చివరి చప్పట్లమీద తర్వాతి పాట వచ్చి పడుతుంది. శబ్దం సమం చేసే సెట్టింగు ఉంటే ఆల్బమ్ మోడ్‌లో పెట్టండి; పాట పాటకీ విడిగా సమం చేస్తే పాటల మధ్య ఉన్న సహజమైన హెచ్చుతగ్గులు చదునైపోతాయి.

ఫెస్టివల్ హాలు కాకుండా అచ్చమైన క్లబ్ గాలి కావాలంటే ఇదే మెక్‌కాన్ 1961 డిసెంబరులో న్యూయార్క్ విలేజ్ గేట్‌లో చేసిన రికార్డు వెతకండి. స్టాన్లీ టరెంటైన్, ఫ్రాంక్ హేన్స్‌ల శాక్సఫోన్లు, బ్లూ మిచెల్ ట్రంపెట్ అందులో అతిథులు. గొంతు లేదు, మెరుపు తక్కువ, సాఫీతనం ఎక్కువ. మెక్‌కాన్, హ్యారిస్ 1971లో మళ్లీ కలిసి స్టూడియోలో 'సెకండ్ మూవ్‌మెంట్' చేశారు. అన్నీ అమర్చి పెట్టుకుని, తీరిగ్గా చేశారు. ఒకసారి విన్నాక చేయి మళ్లీ మాంట్రూ వైపే పోతుంది.