పోలీసు పేజీ, పోలీసు గ్రూపు: మూడేళ్ల వాడకం మీద ఒక సమీక్ష

ఉమ్మడి పాలమూరు ఇప్పుడు ఐదు జిల్లాలు. 2016 అక్టోబరు 11న మహబూబ్‌నగర్ నుంచి నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగులాంబ గద్వాల విడిపోగా, 2019 ఫిబ్రవరిలో నారాయణపేట కూడా వేరైంది. ఈ ఐదింటిలో ఒక జిల్లాలోని మండల కేంద్రంలో, బస్టాండు ఎదుట నాకు జిరాక్స్, ఆన్‌లైన్ దరఖాస్తుల దుకాణం ఉంది. ఏ జిల్లా అన్నది చెప్పదలచుకోలేదు. చెబితే ఏ కానిస్టేబుల్ గురించి రాస్తున్నానో మా మండలంలో అందరికీ తెలిసిపోతుంది. ఠాణా మెట్లెక్కే ముందు చాలామంది నా దుకాణం మెట్లెక్కుతారు. కొందరు పిటిషన్ రాయించుకోవడానికి, కొందరు ఆధార్ జిరాక్స్ తీయించుకోవడానికి, మరికొందరు "ఫోన్ల చెప్తే అయితదా సారూ, పోవాల్నా?" అని అడగడానికి వస్తారు. అందువల్ల జిల్లా పోలీసుల ఫేస్‌బుక్ పేజీని, ఎక్స్ ఖాతాను, వాట్సాప్ ఛానెల్‌ను, గ్రామాల వాట్సాప్ గ్రూపులను ఈ మూడేళ్లలో నా కోసం కంటే పరుల కోసమే ఎక్కువగా వాడాను.

ముందుగా మెచ్చుకోవలసింది చెబుతాను. పోయిన సెల్‌ఫోన్లను వెతికి యజమానులకు అప్పగిస్తున్న ఫొటోలు మా జిల్లా పేజీలో తరచుగా కనిపిస్తాయి. వరుసగా పేర్చిన ఫోన్లు, వాటి వెనుక అధికారులు, ఒక్కొక్కరికీ ఫోన్ అందిస్తున్న దృశ్యం. చూడడానికి సన్మాన సభలాగా ఉన్నా, దాని వెనుక నిజమైన పని ఉంది. 2023 మే నెలలో దేశమంతటా అందుబాటులోకి వచ్చిన సీఈఐఆర్ అనే కేంద్ర టెలికాం శాఖ పోర్టల్‌లో, ఒక్కో ఫోన్‌కు విడిగా ఉండే ఐఎంఈఐ నంబరుతో నమోదు చేస్తే పోయిన ఫోన్ బ్లాక్ అవుతుంది. ఆ తర్వాత ఎవరైనా అందులో మరో సిమ్ వేస్తే ఆ సమాచారం పోలీసులకు చేరుతుంది. మా దగ్గరి తండాలో ఒక పెద్దాయన ఫోన్ కల్వకుర్తి బస్సులో పోయింది. ఆయన దాని మీద ఆశ వదులుకున్నాడు కానీ, పేజీలో ఆ ఫొటోలు చూసిన మనుమడు, ట్రంకు పెట్టెలో దాచిన ఫోన్ డబ్బాను వెతికి నా దగ్గరికి తెచ్చాడు. డబ్బా మీద ఐఎంఈఐ నంబరు ఉంది. నాలుగు నెలలకు ఫోన్ దొరికింది. ఠాణా అంటే భయపడే ఆ ఇంట్లో ఒక పోలీసు ఫొటో చేసిన మేలు అది, దాన్ని తక్కువ చేసి చెప్పలేను.

అయితే ఆ పోస్టుల్లో ఎన్ని ఫోన్లు, వాటి విలువ ఎంత, ఎవరి ఆధ్వర్యంలో అన్న వివరాలు ఉంటాయి గానీ, కొన్నప్పుడు వచ్చిన డబ్బా, బిల్లు పారేయవద్దన్న మాట, పోయిన నంబరు మీదే మళ్లీ సిమ్ తీసుకోవాలన్న మాట అరుదుగా ఉంటాయి. ఆ రెండు మాటలు నేను రోజూ నోటితో చెబుతున్నాను.

సైబర్ మోసాల విషయంలో పేజీ మెరుగ్గా ఉంది. డబ్బు పోయిన వెంటనే 1930కి ఫోన్ చేయాలని, వీడియో కాల్‌లో ఎవరినీ అరెస్టు చేయరని, పీఎం కిసాన్ పేరుతో వచ్చే ఏపీకే ఫైళ్లను (నొక్కితే ఫోన్‌లో యాప్ ఎక్కించేవి) తెరవవద్దని పదేపదే చెబుతారు. త్వరగా చెబితే ఖాతాలు మారుతున్న డబ్బును బ్యాంకులోనే నిలిపివేసే వీలుంటుంది కనుక ఇందులో గంటల లెక్క ముఖ్యం. లోపమల్లా ఆ హెచ్చరికలన్నీ చిన్న అక్షరాలు కిక్కిరిసిన బొమ్మలుగా రావడమే. మోసపోయే వయసువారు వాటిని చదవలేరు, బొమ్మలోని అక్షరాలను ఫోన్ చేత చదివించుకోవడం వాళ్లకు తెలియదు. సైబరాబాద్ ట్రాఫిక్ పోలీసుల మీమ్స్‌కు వచ్చిన పేరు చూసి కాబోలు, మా పేజీ కూడా సినిమా డైలాగులతో హెల్మెట్ జోకులు వేస్తుంది. 44వ నంబరు జాతీయ రహదారి మీద మా ఊరి పిల్లవాడు చనిపోయిన మూడో రోజున అలాంటి జోకు ఒకటి వచ్చింది. నగరంలో నవ్వు తెప్పించే మాట, చావు జరిగిన ఇంటికి నాలుగిళ్ల అవతల కూర్చుని చూస్తే వేరుగా ఉంటుంది.

ఇక పేజీకి మనం చెప్పుకునే సంగతి. మూడు వేర్వేరు విషయాల మీద పేజీకి మెసేజ్‌లు పంపాను. ఒకదానికి "సమీప పోలీస్ స్టేషన్‌ను సంప్రదించగలరు" అన్న జవాబు వచ్చింది, ఒకదానికి ఏమీ రాలేదు, మూడోదాని కథ తర్వాత చెబుతాను. వాట్సాప్ ఛానెల్‌కు అయితే జవాబు రాసే వీలే లేదు, దాని నిర్మాణమే అటువంటిది. మనం చూడగలం, ఒక బొమ్మ నొక్కగలం, అంతే. మెసేజ్ పంపితే ఫిర్యాదు ఇచ్చినట్టేనని జనం నమ్ముతున్నారు. అది నిజం కాదు. పాత సీఆర్‌పీసీ స్థానంలో 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక సురక్షా సంహిత 173వ సెక్షను ప్రకారం ఎలక్ట్రానిక్ పద్ధతిలోనూ నేర సమాచారం ఇవ్వవచ్చు గానీ, ఇచ్చినవారు మూడు రోజుల్లోగా సంతకం చేస్తేనే అది రికార్డుకెక్కుతుంది. గొలుసు పోయిందని పేజీకి మెసేజ్ పెట్టి వారం రోజులు ఎదురుచూసిన ఒకామెను నేనే వెంటబెట్టుకుని ఠాణాకు తీసుకువెళ్లాను. సంతకం గురించిన ఈ ఒక్క వాక్యాన్ని పేజీ తలకట్టులోనే రాసి పెడితే ఆమెకు ఆ వారం మిగిలేది.

మూడో మెసేజ్ వడ్ల గురించి. యాసంగి కోతలు మొదలయ్యాయంటే మా దగ్గర రోడ్లన్నీ కల్లాలవుతాయి. తేమ 17 శాతం దాటితే కొనుగోలు కేంద్రంలో వడ్లు తూకం వేయరు. హార్వెస్టర్ కోసిన పచ్చి వడ్లను ఆరబోయడానికి రైతుకు తారు రోడ్డుకు మించిన చోటు దొరకదు. పగలు ఆరబోసి, రాత్రికి కుప్ప చేసి, నల్ల పరదా కప్పి, చుట్టూ రాళ్లు పెడతారు. ఒక రాత్రి ఆ రాళ్లకు తగిలి ఒక బండి మనిషి పడి చెయ్యి విరగ్గొట్టుకున్నాడు. మరునాడు ఉదయం నేను ఫొటో తీసి, కనీసం రాత్రిపూట అక్కడ ఏదైనా మెరిసే గుర్తు పెట్టించమని పేజీకి పంపాను. ఈసారి చాలా వేగంగా కదిలారు. సాయంత్రానికల్లా పెట్రోలింగ్ బండి వచ్చింది, రైతులను మందలించి కుప్పలు తీయించారు. రాత్రికి పేజీలో పోస్టు పడింది. "పౌరుడి ఫిర్యాదుపై తక్షణ స్పందన" అని పైన రాసి, కింద నేను పంపిన ఫొటోను ఉన్నదున్నట్టు పెట్టారు. ఆ ఫొటోలో ఒక మూల నా బండి, నంబరు ప్లేటుతో సహా కనిపిస్తోంది.

పోస్టుకు లైకులు బాగా వచ్చాయి. మెచ్చుకున్నవారి పేర్లు చూస్తే ఎక్కువమంది పట్నంలో ఉంటున్న మా ఊరి పిల్లలు, జిల్లా కేంద్రంలోని ఉద్యోగులు. ఆ రోడ్డు మీద వడ్లు పోసుకున్నవాళ్లలో ఒక్కరి పేరూ లేదు. రెండో రోజు ఆ కుప్ప యజమాని నా దుకాణం ముందు నిలబడి, "ఏం సారూ, నా వడ్ల ఫొటో నువ్వే పంపినవంట గదా, మరి యాడ ఎండబోసుకోవాలె? నీ దుకాణం మీద పోసుకోవాల్నా?" అన్నాడు. ఆయన అడిగినదాంట్లో తప్పు లేదు. నేను పంపినదాంట్లోనూ తప్పు లేదని ఇప్పటికీ అనుకుంటున్నాను. చెయ్యి విరిగిన మనిషి వైపు నుంచి చూసినా, వడ్లు తడిస్తే అప్పు తీరని రైతు వైపు నుంచి చూసినా పోలీసులు చేయవలసిన పని ఒకటుంది, అది ఇద్దరినీ ఒకచోట కూర్చోబెట్టి మాట్లాడడం. పేజీ చేసిందేమిటంటే, ఇద్దరి మధ్య నా బండి నంబరు పెట్టడం. ఆ కోతలు ముగిసేదాకా రెండు ఊళ్ల రైతులు పాస్‌బుక్ జిరాక్స్‌కు నా దుకాణం దాటి అవతలి దుకాణానికి వెళ్లారు. ఫొటో తీసివేయమని పేజీకి రెండుసార్లు రాశాను, జవాబు లేదు. పదకొండో రోజున మా గ్రామ కానిస్టేబుల్ టీ కొట్టు దగ్గర కలిస్తే నోటిమాటగా చెప్పాను. ఆ సాయంత్రమే ఫొటో పోయింది.

సమాచారం ఇచ్చినవారి గుర్తులను దాచడం పోలీసు వృత్తిలో మొదటి పాఠం. ఠాణాలో కూర్చుని రాతపని చూసే రైటర్‌కు అది బాగా తెలుసు, ఎవరు చెప్పారని అడిగితే నోరు విప్పడు. అదే ఠాణా సంగతి పేజీకి ఎక్కేసరికి ఆ పాఠం మరుపున పడుతోంది. పని జరిగిందని చూపించాలన్న తొందర అందుకు కారణమని నా అనుమానం. నిందితుల ఫొటోల విషయంలోనూ ఇదే తొందర కనిపిస్తుంది. ముఖాలకు గుడ్డలు కట్టి నిలబెట్టినా, కింద తండ్రి పేరు, ఊరి పేరు, చేసే పని రాస్తే ఇక దాచిందేమిటి? పేకాటలో పట్టుబడి, లోక్ అదాలత్‌లో జరిమానా కట్టి కేసు ముగించుకున్న మనిషి పేరు కూడా పేజీలో అలాగే ఉండిపోతుంది, పెళ్లి సంబంధం వచ్చినప్పుడు ఎవరో ఒకరు దాన్ని వెతికి పట్టుకుంటారు. పోలీసులు పత్రికలకు, మీడియాకు వివరాలు చెప్పే తీరు మీద మార్గదర్శకాలు తయారు చేయాలని 2023 సెప్టెంబరులో సుప్రీంకోర్టు కేంద్ర హోం శాఖకు చెప్పింది. ఇప్పుడు పోలీసులే ఒక పత్రిక నడుపుతున్నంత పని చేస్తున్నారు కనుక, ఆ జాగ్రత్త విలేకరుల సమావేశానికి ఎంత అవసరమో పేజీకీ అంతే అవసరం.

గ్రామ గ్రూపు దీనికి పూర్తిగా భిన్నమైనది. దాని మూలం తెలియాలంటే 2018 వేసవికి వెళ్లాలి. పిల్లలను ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయన్న వాట్సాప్ వదంతులతో అప్పట్లో తెలంగాణ పల్లెలు రాత్రిళ్లు కర్రలు పట్టుకుని కాపలా కాశాయి. కొత్త ముఖం కనిపిస్తే పట్టుకుని కొట్టారు, ప్రాణాలు పోయిన ఊళ్లూ ఉన్నాయి. ఆ రోజుల్లో గద్వాల ఎస్పీగా ఉన్న రెమా రాజేశ్వరి ఫోన్‌లో పుట్టిన రోగానికి ఫోన్‌లోనే మందు వెతకలేదు. ఊరికొక కానిస్టేబుల్‌ను అప్పగించి, ఇంటింటికీ తిరగమన్నారు; సుమారు 400 గ్రామాల్లో డప్పు కొట్టించి, జానపద కళాకారుల చేత పాటలు పాడించారు; ఊరి వాట్సాప్ గ్రూపుల్లో పోలీసులను చేర్పించారు. ఆ ఊళ్లలో వదంతుల వల్ల ఒక్క ప్రాణమూ పోలేదు. వాట్సాప్ సంస్థ మన దేశంలో ఒక సందేశాన్ని ఒకేసారి ఐదుగురికి మించి పంపకుండా కట్టడి చేసింది ఆ జూలైలో. గద్వాలలో డప్పు అంతకు ముందే మోగింది.

మా ఊరి గ్రూపులో ఇప్పుడున్న కానిస్టేబుల్ తీరు నాకు అదే పద్ధతిని గుర్తుచేస్తుంది. ఆయన టైపు చేయడు, గొంతుతో చెబుతాడు. తండాల గ్రూపులో లంబాడీలో, ఊరి గ్రూపులో తెలుగులో, జిల్లా కేంద్రం నుంచి వచ్చి స్థిరపడిన నాలుగు కుటుంబాలకు విడిగా ఉర్దూలో. నిమిషం కూడా ఉండని ఆ మాటలను దుకాణంలో కూర్చున్న అవ్వలు స్పీకర్ పెట్టించుకుని వింటారు. ఎవరైనా అడిగితే జవాబిస్తాడు, తెలియకపోతే సాయంత్రం కనుక్కుని చెబుతానంటాడు, నిజంగానే చెబుతాడు. గ్రూపులో కులం గొడవ పెట్టే మాట పడితే అక్కడ వాదించడు, మాట పెట్టినవాడి ఇంటికి వెళ్లి చాయ్ తాగి వస్తాడు. నిరుడు యాసంగి కోతలకు పది రోజుల ముందు ఆయన గొంతు వినిపించింది: పెద్ద రోడ్డు వదిలి పాత చెరువు కట్ట రోడ్డు మీద ఒక పక్కనే పోసుకోండి, రాళ్లు పెట్టకండి, రాత్రికి కుప్ప దగ్గర బియ్యం సంచికి మెరిసే టేపు అంటించండి, టేపు మా దగ్గర ఉంది, వచ్చి తీసుకోండి. ఆ టేపు ఎక్కడి నుంచి తెచ్చాడో తెలియదు కానీ, నన్ను నిలదీసిన రైతు కూడా వెళ్లి తెచ్చుకున్నాడు.

ఈ సేవకూ కష్టాలున్నాయి. అది ఆ మనిషి సొంత ఫోన్ మీద, సొంత ఓపిక మీద నడుస్తోంది. రాత్రి పదకొండుకు కుక్కలు మొరుగుతున్నాయని కూడా మెసేజ్‌లు పెడతారు. ఆయనకు బదిలీ అయితే గ్రూపు ఏమవుతుందో ఊహించగలను, ఎందుకంటే అంతకు ముందున్నాయన కాలంలో ఇదే గ్రూపులో పొద్దున శుభోదయం బొమ్మలు తప్ప మరేమీ రాలేదు. అన్ని ఊళ్లలో ఇలా ఉందని ఎవరూ అనుకోవద్దు. పోలీస్ స్టేషన్ గోడ మీద అభిప్రాయం చెప్పడానికి అంటించిన క్యూఆర్ కోడ్ ద్వారా నేను ఈ సంగతులే రాశాను. పేజీ మీద ఖర్చు పెట్టే శ్రద్ధలో కొంత, ఊరి కానిస్టేబుల్‌కు డిపార్టుమెంటు ఫోన్, ఆయన సెలవులో ఉన్నప్పుడు గొంతు వినిపించే మరొక మనిషిని ఇవ్వడానికి పెట్టమని అడిగాను.

మార్కులు వేయమంటే పేజీకి ఐదుకు రెండున్నర, అందులో ఒకటిన్నర పోయిన ఫోన్లకే. ఛానెల్‌కు రెండు. గ్రామ గ్రూపుకు నాలుగు. తగ్గించిన ఒకటి ఆ కానిస్టేబుల్‌కు కాదు, ఆయన్ను ఒంటరిగా వదిలేసిన పద్ధతికి. దుకాణం షట్టరు మీద ఇన్నాళ్లు పేజీ పేరు రాసి ఉండేది. ఈ మధ్య రంగు వేయించినప్పుడు దాన్ని తీసేసి మూడు నంబర్లు రాయించాను: 100, 1930, ఆ కింద మా కానిస్టేబుల్‌ది. ఆయన నంబరు మాత్రం, బదిలీ అయితే తుడవడానికి వీలుగా, సుద్దముక్కతో రాశాను.