చేతితో తిప్పే రేడియో టార్చి: ఫోన్ చార్జింగ్ కోసమైతే కొనకండి

ఐదుకి మూడున్నర ఇస్తున్నా. ఆ ఒకటిన్నర ఎందుకు కోశానో చెప్తా, కాస్త ఓపిక పట్టండి, ఎందుకంటే దీన్ని గట్టిగా వాడింది నేను కాదు, జమైకాలో ఉన్న మా తమ్ముడు, అదీ మెలిస్సా హరికేన్‌లో.

కంపెనీ పేరు రాయను. కర్నూలు పాత బస్టాండు దగ్గర ఒక ఎలక్ట్రికల్ షాపులో 1,450 రూపాయలకు తీసుకున్నా. ఎర్రగా, టిఫిన్ బాక్సంత ఉంటుంది. పైన చిన్న సోలార్ పలక, పక్కన మడత హ్యాండిల్, ముందు లైటు, వెనక ఫోన్ చార్జింగ్ పెట్టుకునే రంధ్రం. మావాడు మాంటెగో బేలో ఒక నగల షాపులో లెక్కలు చూస్తాడు. సెలవుకు వచ్చి తిరిగి పోతుంటే సూట్‌కేసులో గోంగూర పచ్చడి పక్కన దీన్ని కుక్కాను. "ఏందన్నా ఇది, ఈ కాలంలో రేడియో ఎవరు వింటారు" అని నవ్వాడు. వాడికి గుర్తుండదు, 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ కలిసి ఊళ్లోకి వచ్చినప్పుడు వాడు చిన్నోడు. మిద్దె మీద రెండు రాత్రులు కూర్చున్నాం. ఫోన్లు చచ్చిపోయాయి, నీళ్లు ఇంకా ఎక్కుతాయా దిగుతాయా అని చెప్పే మనిషి లేడు. ఆకలి కంటే అదే ఎక్కువ చంపింది.

2025 అక్టోబరు 28, మంగళవారం. మెలిస్సా జమైకా పడమటి వైపు న్యూ హోప్ దగ్గర తీరం దాటింది. అక్కడ మిట్టమధ్యాహ్నం, మనకు రాత్రి పదిన్నర. సరిగ్గా అదే రాత్రి మనవైపు మొంథా తుఫాను నరసాపురం దగ్గర తీరం దాటుతోంది, ఏ తెలుగు ఛానల్ పెట్టినా అదే, జమైకా గురించి ఒక్క ముక్క లేదు. మా అమ్మ మాత్రం టీవీలో సముద్రం కనబడినప్పుడల్లా "ఇదేనా వాడుండేది" అని అడుగుతూనే ఉంది. మొంథా గాలి గంటకు వంద కిలోమీటర్ల లెక్క, మెలిస్సాది 295. మూడింతలే కదా అనుకోకండి, గాలి వేగం మూడింతలైతే గోడ మీద దాని తోపు తొమ్మిదింతలవుతుంది. ఆ దేశాన్ని తాకిన హరికేన్లలో ఇంత బలమైనది రికార్డుల్లోనే లేదు, 1988 నాటి గిల్బర్ట్ కూడా దీని ముందు చిన్నదే.

మావాడి ఫోన్ అప్పటికే మూగబోయింది. ఐదు లక్షలకు పైగా కనెక్షన్లకు కరెంటు పోయింది, మొత్తం కనెక్షన్లలో అది మూడు వంతులకు పైనే. వాడుండేది రేకుల మేడ, వాళ్లు రేకుల్ని జింకు అంటారట. మనకు వరదొస్తే మిద్దె ఎక్కుతాం, వాళ్లకు ముందు పోయేదే పైకప్పు. ఇంటి యజమానమ్మ కింద కాంక్రీటు బాత్రూంలోకి రమ్మంది, ఆరుగురు, ఒక కుక్క, మధ్యలో బకెట్ బోర్లించి దాని మీద ఈ ఎర్ర డబ్బా.

ఇక్కడే ఇది పాసయింది. ఒక నిమిషం తిప్పితే కాసేపు పాట్లు పడకుండా రేడియో వచ్చింది, లైటు బాత్రూం మొత్తానికి చాలింది. తుఫాను కన్ను, అంటే గాలి లేని దాని నడిమధ్య, ఎటు పోతోందో, గాలి ఆగింది కదా అని బయటికి ఎందుకు రాకూడదో దాంట్లోనే విన్నారు. తర్వాత వారాల్లో ఎయిర్‌పోర్టు సంగతి, నీళ్ల ట్యాంకర్ల సంగతి, టార్పాలిన్లు ఎక్కడిస్తారో అన్నీ రేడియోనే. నవంబరులో లెప్టోస్పైరోసిస్, అదే ఎలుకల మూత్రం కలిసిన నీళ్లతో వచ్చే జ్వరం, ప్రబలిందని వాళ్ల ఆరోగ్య శాఖ ప్రకటించింది కూడా దీంట్లోనే విని బూట్లు కొనుక్కున్నాడు.

ఇక ఫోన్ చార్జింగ్. డబ్బా మీద పెద్ద అక్షరాలతో వేసింది ఇదే, పచ్చి అబద్ధం కూడా ఇదే. ఐదు వేల ఎంఏహెచ్ బ్యాటరీ నిండాలంటే దాదాపు 18 వాట్-అవర్లు కావాలి (ఒక వాటు గంటసేపు ఇస్తే ఒక వాట్-అవర్), ఇంత చిన్న డైనమోను ఒళ్లు వంచి తిప్పితే రెండు మూడు వాట్లు రావచ్చేమో. అంటే ఆరు నుంచి తొమ్మిది గంటలు, ఆపకుండా! మావాడు ఇరవై నిమిషాలు తిప్పాడు, రెండు శాతం ఎక్కింది, హ్యాండిల్ పిన్ను విరిగింది. దాని స్థానంలో యజమానమ్మ జడపిన్ను పెట్టి వంచి వాడారు. నాకు మెసేజ్ వచ్చింది నాలుగో రోజు, జనరేటర్, స్టార్‌లింక్ ఉన్న పక్కవీధి వాళ్ల పుణ్యాన (స్టార్‌లింక్ అంటే ఉపగ్రహ ఇంటర్నెట్, నవంబరు ఆఖరు దాకా అక్కడ ఉచితంగా ఇచ్చారు). "బతికే ఉన్నా, జింకు పోయింది, పచ్చడి సీసా పగల్లేదు." అమ్మ ఆ మెసేజ్ నాతో నాలుగుసార్లు చదివించుకుంది.

విరిగిన పిన్ను గురించి కంపెనీకి ఫోన్ చేస్తే బిల్లు కావాలి, విరిగిన ముక్క కావాలి, పైగా "విదేశంలో వాడితే వారంటీ వర్తించదు సార్" అన్నారు. నాకు నవ్వొచ్చింది, ఎందుకంటే జమైకా ప్రభుత్వం ముందే ఒక విపత్తు బాండు పెట్టుకుంది, ప్రపంచ బ్యాంకు ద్వారా, అంటే పెద్ద తుఫాను వస్తే బీమాలా డబ్బు చేతికొచ్చే ఏర్పాటు. సర్వేయర్ రాడు, ముక్కలు చూపించక్కర్లేదు, తుఫాను దారి, మధ్యలోని గాలి పీడనం లెక్కకు సరిపోతే డబ్బు ఇచ్చేయాల్సిందే. 15 కోట్ల డాలర్లు మొత్తం ఇచ్చారు. నష్టం 880 కోట్ల డాలర్లు, ఆ దేశం ఏడాది సంపాదనలో 41 శాతం, కాబట్టి అది ఏ మూలకూ చాలదనుకోండి, అయినా అడిగించుకోకుండా ఇచ్చారు. నా పిన్ను నలభై రూపాయలు ఉంటుందేమో.

సోలార్ పలక గురించి రాయడానికేం లేదు, రోజంతా ఎండలో పెడితే రెండు గంటలు లైటు వెలుగుతుంది, అంతే.

మొన్న ఇంటికి ఇంకోటి తెచ్చా, అదే షాపు, ఇప్పుడు 1,600. హ్యాండిల్ పిన్ను తీయించి సైకిల్ షాపులో ఇనుపది వేయించా, పది రూపాయలు తీసుకున్నాడు. కరెంటు పోయినా పోకపోయినా అమ్మ పొద్దున్నే తిప్పి ఆకాశవాణి కర్నూలు పెట్టుకుంటోంది.